కొమ్ము పురుగుకు వైరస్ జబ్బు: కొబ్బరి రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొబ్బరి తోటలున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు కాయ ధర మీదికి, ఆ తర్వాత కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు మీదికి పోతుంది. ఈ మధ్య ఇంకో మాట కూడా తోడైంది: "పురుగుకు వైరస్ ఎక్కించి వదులుతారట కదా, నిజమేనా?" నిజమే. పైగా ఇది కొత్త సంగతి కూడా కాదు, అరవై ఏళ్ల నాటిది. వినబడిన ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టి, తెలిసినంత మేర జవాబు రాస్తున్నాను.

మట్టలు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటున్నాయి. ఇది కొమ్ము పురుగు పనేనా?

దాదాపుగా అదే. మొవ్వులో చుట్టుకుని ఉన్న లేత ఆకును పురుగు అడ్డంగా తొలుచుకుంటూ పోతుంది. ఆ ఆకు కొన్నాళ్లకు విచ్చుకునేసరికి రెండు పక్కలా ఒకే కొలతలో కోసినట్టు కనిపిస్తుంది. చిన్నప్పుడు కాగితం మడతలు పెట్టి, కత్తిరించి, విప్పి పువ్వు చేసేవాళ్లం చూడండి, అదే లెక్క. కాబట్టి ఇవాళ మీకు కనిపించే కోత ఎప్పుడో జరిగినది. పురుగు ఇప్పుడు లోపల ఉందా లేదా అన్నది తెలియాలంటే మొవ్వు మొదట్లో చూడాలి. నమిలి ఉమ్మేసినట్టు తడితడిగా పీచు బయటికి వచ్చి ఉంటే లోపల ఉన్నట్టే.

పెద్ద చెట్టుకు ఆకు పోతుంది, విచ్చుకోని పూగెలను తొలిస్తే ఆ గెల పోతుంది. చిన్న మొక్కకైతే లోపలి మెత్తటి మొవ్వు దాకా వెళ్లి ప్రాణమే తీస్తుంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. చెట్టును పాడుచేసేది రెక్కలున్న పెద్ద పురుగు మాత్రమే. పెంటపోగు తవ్వితే వేలంత లావున, వంపు తిరిగి దొరికే తెల్లటి పిల్లపురుగు కొబ్బరిచెట్టు జోలికి రాదు, కుళ్లిన చెత్త తిని పెరుగుతుంది. చెట్టుకూ పెంటకూ మధ్య రాకపోకలు పెద్ద పురుగువే. వైరస్‌ను అటూ ఇటూ మోసేది కూడా అదే.

వైరస్ అంటున్నారు. ఇది మందా, జబ్బా?

జబ్బే. మనకు జలుబు, కోళ్లకు కొక్కెర ఉన్నట్టే కొమ్ము పురుగులకు ఉన్న జబ్బు. దీని పేరు ఓరిక్టిస్ రైనోసెరాస్ నూడివైరస్. మొదట్లో దీన్ని వేరే పేరుతో పిలిచారు, తర్వాత చాలా ఏళ్లు బాకులోవైరస్‌ల గుంపులో కలిపారు. అందుకే పాత పుస్తకాల్లో, కరపత్రాల్లో "బాకులోవైరస్" అని ఉంటుంది. రెండూ ఒకటే, కంగారు పడొద్దు.

మన రైతులకు బాగా తెలిసిన ఎన్‌పీవీ, అంటే శనగపచ్చ పురుగుకు, పొగాకు లద్దె పురుగుకు కొట్టే వైరస్, ప్రొటీన్ గుళిక లోపల దాక్కుని ఉంటుంది. ఆ గుళిక ఉండబట్టే దాన్ని సీసాలో నింపి, నీళ్లలో కలిపి కొట్టగలుగుతున్నాం. కొమ్ము పురుగు వైరస్‌కు ఆ తొడుగు లేదు, ఒంటి మీద గుడ్డ లేకుండా తిరుగుతుంది. పేరులో ఉన్న "నూడి" అర్థం అదే. మిగతా కథంతా ఈ ఒక్క లోపం చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని ఎవరు, ఎక్కడ కనిపెట్టారు?

ఈ కథ పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో మొదలవుతుంది. కొమ్ము పురుగు పుట్టిల్లు మన వైపే, దక్షిణాసియా, ఆగ్నేయాసియా. 1909లో సిలోన్ నుంచి ఓడలో వెళ్లిన రబ్బరు మొక్కల కుండీల మట్టిలో ఇది సమోవా చేరింది. అక్కడ దీనికి శత్రువులే లేరు. అక్కడి జనానికి కొబ్బరే తిండి, కొబ్బరే ఆదాయం. జనం చేత పురుగులు, గుడ్లు ఏరించడం దాకా వెళ్లింది ప్రభుత్వం. ఏరినా ఏరినా తరగలేదు. అక్కడి నుంచి చుట్టుపక్కల దీవులకు పాకింది. పలావు దీవుల్లో రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో దిగి, సుమారు సగం కొబ్బరిచెట్లను చంపేసింది. 1953లో ఫిజీ చేరింది.

అప్పుడు శాస్త్రవేత్తలకు ఒక ఆలోచన వచ్చింది. పుట్టింట్లో ఈ పురుగు ఇంత విజృంభించదు, మరి అక్కడ దాన్ని అణచి ఉంచుతున్నదేమిటి? ఆలోయిస్ హూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ జవాబు వెతుక్కుంటూ మలయా (ఇప్పటి మలేసియా) వెళ్లి, అక్కడి తోటల్లో చచ్చిపోతున్న పిల్లపురుగుల్లో 1963లో ఈ వైరస్‌ను పట్టుకున్నారు. 1967లో మార్షల్ అనే శాస్త్రవేత్త దాన్ని సమోవాకు తీసుకెళ్లి, జబ్బుపడి చచ్చిన పిల్లపురుగులను నూరి, పురుగులు గుడ్లు పెట్టే కుళ్లిన పోగుల్లో కలిపారు. అంతే. ఆ తర్వాత జబ్బు తనంతట తానే పాకింది, వదలని చోట్ల కూడా కనిపించింది. కొద్ది కాలంలోనే పురుగు తగ్గింది, కోతలు లేని మట్టలు రావడం మొదలైంది. ఆ వెనకే ఫిజీ, టోంగా, మారిషస్, ఇంకా ఎన్నో దీవులకు దీన్ని పంపారు.

వైరస్‌తో పురుగును అణచడంలో ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణల్లో ఇదొకటి. కుండీలో మట్టి చూడకుండా ఓడెక్కించిన తప్పును సరిదిద్దడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

పురుగు లోపలికి పోయి ఏం చేస్తుంది?

పెద్ద పురుగుకు, పిల్లపురుగుకు వేరువేరుగా పనిచేస్తుంది.

పిల్లపురుగుకు సోకితే లోపలి కొవ్వంతా కరిగిపోతుంది, తిండి మానేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదాని వెనక భాగం తిన్న చెత్తతో నల్లగా ఉంటుంది. జబ్బుపడ్డది పేగు ఖాళీ అయి, మైనంలా, గాజులా తేటగా మారుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. కొన్నింటికి వెనకద్వారం బయటికి పొడుచుకొస్తుంది. సుమారు ఒకటి నుంచి నాలుగు వారాల్లో చచ్చిపోతుంది.

పెద్ద పురుగులో ముఖ్యంగా పేగు గోడలో పెరుగుతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. ఎగురుతుంది, జతకడుతుంది, మొవ్వులోకి దూరుతుంది. లోపల పేగు వైరస్ కార్ఖానా అయిపోతుంది. ఒక్క పురుగు తన రెట్టతో రోజుకు 0.3 మిల్లీగ్రాముల దాకా వైరస్‌ను బయటికి వదులుతుందని లెక్క. మనకు ఇది ఏపాటి అనిపిస్తుంది గానీ, కంటికి కనిపించని వైరస్‌కు అది పెద్ద రాశే. ఆ రెట్ట మొవ్వులో పడుతుంది, పెంటలో పడుతుంది, జతకట్టినప్పుడు రెండోదానికి అంటుతుంది.

వెంటనే చావకపోతే మరి లాభం ఏమిటి?

ఈ ప్రశ్నే ఎక్కువగా వస్తుంది. పురుగుమందుకు అలవాటుపడ్డ కన్ను చచ్చిన పురుగుల కోసం వెతుకుతుంది. ఇక్కడ అవేం కనిపించవు.

జబ్బుపడ్డ పెద్ద పురుగు తిండి తగ్గిస్తుంది. ఆడదైతే గుడ్లు తగ్గిపోతాయి, లేదా అసలు పెట్టదు. ఆరోగ్యంగా ఉన్నది నెలల తరబడి బతికి చెట్టు మార్చి చెట్టు తొలిచేది, ఇది అన్నాళ్లు బతకదు. బతికినన్నాళ్లూ మిగతావాటికి అంటిస్తూనే ఉంటుంది. అది వెంటనే చచ్చిపోతే మనకే నష్టం, వైరస్‌ను మోసేవాడు పోయినట్టు. ఇంటింటికీ తిరిగే పోస్ట్‌మ్యాన్‌ను మొదటి వీధిలోనే ఆపేస్తే ఉత్తరాలు ఎవరు పంచుతారు?

సీసాలో దొరకదా? మొవ్వులో పోస్తే పనిచేయదా?

పనిచేయదు. తొడుగు లేని వైరస్ అని చెప్పుకున్నాం కదా. ఎండ తగిలితే త్వరగా చచ్చుబడుతుంది, పెంటపోగులో కలిపినా ఎక్కువ రోజులు నిలవదు. పురుగు ఒంట్లో ఉన్నంతసేపే దానికి బలం. అందుకే పురుగునే సీసాగా వాడతారు. ఎవరైనా "కొమ్ము పురుగు వైరస్" అని లేబుల్ వేసిన సీసా అమ్మితే కొనకండి.

ల్యాబుల్లో నిల్వ ఉంచాలంటే జబ్బు పురుగుల పేగులు తీసి గడ్డకట్టించి పెడతారు. న్యూజిలాండ్‌లో వేరే జాతి నల్ల పెంకు పురుగు కణాలను ల్యాబులో పెంచి, వాటిలో ఈ వైరస్‌ను పెంచే పద్ధతి 1980ల్లోనే కనిపెట్టారు. శుభ్రమైన వైరస్ కావాలంటే ఆ దారి. అది మన గట్టు మీద జరిగే పని కాదు.

మరి తోటలో ఎలా వదులుతారు? ఎకరానికి ఎన్ని?

పెంటలో పెంచిన లేదా వాసనతో పురుగును రప్పించే ఎర బుట్టల్లో పట్టిన ఆరోగ్యమైన పెద్ద పురుగులను తెస్తారు. వైరస్ కలిపిన ద్రావణంలో కాసేపు వాటిని ఈదిస్తారు, లేదా చక్కెర నీళ్లలో కలిపి నోటికి చుక్క అందిస్తారు. కొన్నాళ్లు ఆగి, జబ్బు అంటుకున్నాక చీకటి పడే వేళ తోటలో వదులుతారు. కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థ సిఫారసు హెక్టారుకు 10 నుంచి 15 పురుగులు. అంటే ఎకరానికి నాలుగు నుంచి ఆరు.

"ఆరు పురుగులా? ఆరంటే ఆరేనా?" అని నవ్వుతారు చాలామంది. ఆరే. మిగతా పంపకం అవి చూసుకుంటాయి.

ఉన్న పురుగులు చాలవన్నట్టు మళ్లీ పురుగులనే వదలడమా?

మా మావయ్య ఇదే మాట అన్నారు, ఇంకాస్త ఘాటుగా. ఆయన అనుమానంలో న్యాయం ఉంది. జబ్బు సరిగ్గా ఎక్కని పురుగును వదిలితే ఆరోగ్యమైన పురుగును చేతులారా తోటలోకి తోలినట్టే. అందుకే ఇంట్లో చేసుకునే పని కాదు ఇది. వైరస్ ఎక్కిందో లేదో కొన్నింటిని కోసి చూసి, నిర్ధారించుకుని ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోవాలి. సరిగ్గా ఎక్కితే ఆ ఆరు పురుగులూ కొన్ని ఆకులు తింటాయి, నిజమే. వడ్డీ అనుకోండి.

జబ్బు ఎక్కిందని ఎలా తెలుసుకుంటారు?

పురుగు మీది గట్టి రెక్కల డిప్పలు తీసి, వీపు వైపు నుంచి కత్తెరతో చీల్చి పేగు చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నదాని పేగు సన్నగా, గోధుమరంగులో ఉంటుంది. జబ్బుదైతే ఉబ్బి, తెల్లగా, గిల్లితే పాలలాంటి ద్రవం కారుతుంది. ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. అనుమానం మిగిలితే పీసీఆర్ పరీక్ష ఉంది, కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు ఊరూరా తెలుసు.

మన దేశంలో దీన్ని వాడారా?

వాడారు. కేరళ తోటల్లో ఈ వైరస్ సహజంగానే ఉందని 1983లో బయటపడింది. ఈ పనిలో ముందున్నది కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థకు చెందిన కాయంగుళం కేంద్రం. వాళ్లు లక్షద్వీప్‌లోని మినికాయ్, ఆంద్రోత్ దీవుల్లో జబ్బు పురుగులను వదిలి చూశారు. రెండు చోట్లా పురుగు, మట్టల నష్టం తగ్గాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దీవిలో ఫలితం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ అంతకుముందు ఈ జబ్బు లేదు, చుట్టూ సముద్రం కాబట్టి బయటి నుంచి పురుగులూ రావు. జబ్బు ముందే తిరుగుతున్న ప్రాంతంలో ఇంకో ఆరు పురుగులు వదిలితే అంత తేడా రాదు. సమోవాలో జరిగిన అద్భుతం అలాగే కోనసీమలో జరుగుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. కొంత సాయం అవుతుంది, అంతే. వదలాలనుకునేవాళ్లు ముందు ఎర బుట్టలో పడ్డ పురుగులను కొన్నింటిని కోయించి చూపించుకోవడం మంచిది.

మనుషులకు, పశువులకు, తేనెటీగలకు ప్రమాదమా? కొబ్బరినీళ్లలోకి వస్తుందా?

రాదు. ఈ వైరస్ కొమ్ము పురుగులోను, దానికి దగ్గరి చుట్టాలైన కొన్ని పెంకు పురుగుల్లోను తప్ప పెరగదు. వెన్నెముక ఉన్న జీవుల్లో పెరగదు. తేనెటీగలను ముట్టదు. చెట్టు లోపలికి వెళ్లే వైరస్ కూడా కాదు ఇది, పురుగు కడుపులో ఉండేది. పేరులో వైరస్ ఉందని టెన్షన్ పడేవాళ్లుంటారు గానీ, మొవ్వులో పెట్టే గుళికల మందు గురించి పడాల్సిన టెన్షన్ ఇంతకన్నా చాలా ఎక్కువ.

గ్వామ్‌లో ఇది పనిచేయలేదని విన్నాం. నిజమా?

నిజం. పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవిలో 2007 సెప్టెంబరులో కొమ్ము పురుగు కనిపించింది. మిగతా దీవుల్లో నలభై ఏళ్లు పనిచేసిన మందు చేతిలో ఉందన్న ధీమాతో వైరస్ తెచ్చి వదిలారు. అంటుకోలేదు. పరీక్షిస్తే ఇది వేరే రకం అని, అప్పటిదాకా వాడుతున్న వైరస్ రకాలను తట్టుకుంటోందని తేలింది. ఆ రకం పపువా న్యూగినీలోని పోర్ట్ మోర్స్‌బీకి, 2013లో హవాయిలోని ఒఆహు దీవికి, 2015లో సాలమన్ దీవుల రాజధాని హోనియారాకు కూడా చేరింది. ఈ కొత్త రకం వైరస్ పట్టు తప్పించుకుని దీవులకు పాకుతోందని 2017లో న్యూజిలాండ్ శాస్త్రవేత్తల బృందం ప్రచురించింది. అప్పటినుంచి దాన్ని లొంగదీసే వైరస్ రకం కోసం పురుగు సొంత ప్రాంతాల్లో వెతుకులాట సాగుతోంది. హూగర్ చేసిన ప్రయాణాన్నే మళ్లీ చేస్తున్నారన్నమాట.

గ్వామ్‌లో ఇంకో వింత, పురుగులు నేల మీది పెంటపోగుల్లోనే కాదు, కొబ్బరిచెట్టు తలలో మట్టల మొదళ్ల దగ్గర పేరుకున్న చెత్తలో కూడా పిల్లలు పెట్టాయి. చెట్టు తల శుభ్రం చేయించడం దండగ ఖర్చు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వైరస్ వదిలాక పెంటపోగు తీయక్కర్లేదా?

తీయాలి. ఈ విషయంలో నేను కాస్త మొండివాణ్ణి. ఒక ఆడ పురుగు ఆయుష్షులో యాభై నుంచి వంద దాకా గుడ్లు పెడుతుంది. మీ దొడ్లో ఏడాదిగా కదపని పశువుల పెంట, గట్టు మీద కూలి కుళ్లుతున్న కొబ్బరి మొద్దు, రెండూ వాటికి పురిటిల్లే. జబ్బు పాకే వేగం కన్నా పుట్టే వేగం ఎక్కువైతే వైరస్ ఏం చేస్తుంది? పెంటను తరచూ తిరగేసి, దొరికిన పిల్లపురుగులను ఏరేయండి, కోళ్లు పండగ చేసుకుంటాయి. ఎరువు మగ్గగానే పొలానికి తోలేయండి. చచ్చిన చెట్టును నిలబెట్టి ఉంచకండి.

తుఫాను తర్వాత మరీ జాగ్రత్త. 1996 నవంబరు తుఫాను కోనసీమలో, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానంలో కొబ్బరిచెట్లను ఏ స్థాయిలో పడగొట్టాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పడ్డ మొద్దులు మెత్తబడేకొద్దీ పురుగు పుట్టుక పెరుగుతుంది. చెట్లు పోయిన దుఃఖంలో మొద్దుల సంగతి ఎవరికి పడుతుంది, నిజమే. కానీ మిగిలిన చెట్లను ఆ మొద్దుల్లో పుట్టినవే తింటాయి.

మెటారైజియం బూజు, ఎర బుట్టలు, వేపపిండి కూడా చెబుతున్నారు. వైరస్ ఉంటే అవన్నీ ఎందుకు?

ఒక్కొక్కటి ఒక్కో చోట పనిచేస్తుంది. మెటారైజియం అనే పచ్చ బూజు పెంటలోని పిల్లపురుగు కోసం, పెంటపోగులో కలపాలి. ఎర బుట్ట ఎగిరే పెద్ద పురుగు కోసం. చిన్న మొక్కలకు పై మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి పెట్టడం, లేదా మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి ఇసుక కప్పడం పురుగును మొవ్వు దాకా రానివ్వకుండా చేయడానికి. దింపు కార్మికుడు చెట్టెక్కినప్పుడు కొక్కెంతో పురుగును లాగించడం అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ మంచిది. కష్టమల్లా ఎక్కేవాళ్లు దొరకడమే.

ఎర్ర ముక్కు పురుగుకు ఈ వైరస్ పనిచేస్తుందా?

చేయదు. ముక్కు పురుగుది వేరే కుటుంబం. అయితే చుట్టుదారిలో కొంత మేలుంది. ముక్కు పురుగు గాయమైన చెట్టును వెతుక్కుని గుడ్లు పెడుతుంది, కొమ్ము పురుగు చేసే కన్నం దానికి తెరిచిన తలుపు. కన్నాలు తగ్గితే ఆ తలుపులూ తగ్గుతాయి.

మాది పామాయిల్ తోట. మాకూ పనికొస్తుందా?

పురుగు అదే, వైరస్ అదే. మలేసియాలో పామాయిల్ తోటల్లో దీని మీద చాలా పని జరిగింది. గెలల నుంచి పండ్లు తీసేశాక మిగిలే ఖాళీ గెలలను తోటలో గుట్టగా పోస్తే అక్కడే పురుగు పుడుతుంది. పలచగా, ఒక వరస మందాన పరచండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది? ఎలా లెక్కపెట్టాలి?

నెలలో చూడాలనుకుంటే నిరాశే. జబ్బు పాకాలి, పురుగు తగ్గాలి, అప్పుడు మొవ్వులో ఉన్న ఆకు విచ్చుకోవాలి. ఏడాది, ఏడాదిన్నర పడుతుందనుకుని మొదలుపెట్టండి. ఓ ఇరవై చెట్లకు సున్నంతో గుర్తు పెట్టి, నెలకోసారి ఒక్కో చెట్టు పై నాలుగు మట్టల్లో ఎన్నింటికి కోత ఉందో నోటుబుక్కులో రాసుకోండి. కింది మట్టలను లెక్కపెట్టొద్దు, అవి పాత గాయాలు. పురుగు తగ్గాక కూడా అవి రాలేదాకా చెట్టు మీదే వేలాడుతుంటాయి, చూసి బెంగపడకండి.